వాల్వు కొనే ముందు సాకెట్ చదవండి

హనుమకొండలో పాత రేడియోలు, వాల్వు యాంప్లిఫయర్లు వాడేవాళ్ల కోసం చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూచున్నవాళ్లకు వినబడుతున్నదా? సరే.

బల్ల మీద ఉన్నది చిన్న స్టీరియో యాంప్లిఫయర్. వాల్వు అంటె గాలి తీసేసిన గాజు గొట్టం, చిన్న సిగ్నల్‌ను పెద్దగ చేస్తది. ముందు వరుసలో రెండు చిన్న వాల్వులు, ఈసీసీ83లు, ఛానల్‌కు ఒకటి. దీన్నే అమెరికా పేరుతోని 12ఏఎక్స్7 అంటరు. వెనక నాలుగు ఈఎల్84లు, ఛానల్‌కు రెండు, పుష్-పుల్, అంటె చెరో దిక్కు గుంజే జత. ఒక్కో పక్క పది వాట్ల దాక ఇస్తది. మన ఇంటి హాలుకు ఇది చాలు. ఈ రోజు చెప్పేదంతా దీన్ని ముందల పెట్టుకొనే చెప్త.

ఎక్కువ మంది అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీ వాల్వు పెడితె సౌండు మంచిగుంటది?" దానికి జవాబు ఉన్నది, కాని అది నాలుగో ఐదో మెట్టు మీద ఉన్నది. అంతకంటె ముందు మూడు సంగతులు తేలాలె. ఇప్పుడున్న వాల్వు నిజంగ పోయిందా, లేక తప్పు ఇంకెక్కడన్న ఉన్నదా? ఆ సాకెట్‌లో వాల్వు ఏం పని చేస్తున్నది? ఆ సాకెట్‌కు ఎంత హీటర్ కరెంటు, ఎంత ప్లేటు వోల్టేజి వస్తున్నది? హీటర్ అంటె లోపల కాథోడ్‌ను వేడి చేసే తీగ; వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటుకు పోతయి, నడుమ ఉన్న గ్రిడ్ వాటిని అదుపు చేస్తది. ఇవి తెల్వకుంట ఎంత ఖరీదైన వాల్వు తెచ్చినా దాన్ని కాల్చుకోవడమే అయితది.

అన్నిటికంటె ముందు చేతుల సంగతి. ఈ చిన్న యాంప్లిఫయర్‌లోనే 300 వోల్టుల పైన డీసీ ఉన్నది. ఈఎల్34, కేటీ88 ఉన్న పెద్దవాటిలో 420, 450, ఇంకా పైన. ప్లగ్గు తీసినంక కూడ కండెన్సర్లలో ఆ కరెంటు నిలిచే ఉంటది. కింద మూత తీసినంక 10 కిలో ఓములు, 10 వాట్ల రెసిస్టెన్స్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతోని మెయిన్ కండెన్సర్‌కు తగిలించి అర నిమిషం ఉంచండి. తర్వాత మీటర్ పెట్టి చూడండి. పది వోల్టుల కంటె తక్కువ ఉన్నప్పుడే చెయ్యి పెట్టండి. కొందరు స్క్రూడ్రైవర్‌తోని షార్టు కొడతరు. అట్ల చేస్తె కండెన్సర్ లోపలి అతుకులు దెబ్బతింటయి, నిప్పురవ్వ కంట్ల పడతది. కరెంటు ఉండంగ కొలిచేటప్పుడు నల్ల తీగను ఛాసిస్‌కు, అంటె సెట్టు లోహపు చట్రానికి, క్లిప్పుతోని పెట్టి, ఒక్క చెయ్యితోనే ఎర్ర తీగ పట్టుకోండి. రెండో చెయ్యి జేబుల ఉండాలె.

ఇప్పుడు వాల్వు పోయిందా లేదా తెలుసుకునే పద్ధతి. ఎడమ పక్క గరగర వస్తున్నదనుకోండి. యాంప్లిఫయర్ ఆపి, వాల్వులు చల్లబడినంక ఎడమ ఈసీసీ83ని కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చండి. గరగర కుడికి పోతె తప్పు వాల్వుది. ఎడమనే ఉంటె తప్పు సాకెట్‌ది, లేకుంటె దాని చుట్టున్న రెసిస్టెన్స్‌ది. పైస ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చెయ్యకుంటనే రెండు వేలు పెట్టి వాల్వు తెచ్చేవాళ్లు చాలమంది ఉన్నరు, కొత్తది పెట్టినంక కూడ గరగర అట్లనే ఉంటె "నకిలీది ఇచ్చిండు" అని అమ్మినోన్ని తిడతరు. పాత ప్లేటు రెసిస్టెన్స్‌లు, ముఖ్యంగ కార్బన్ కాంపోజిషన్‌వి, ఏండ్లు గడిచినంక అచ్చం పోయిన వాల్వు లెక్కనే చిటపటమంటయి. సాకెట్ కాంటాక్టులలో మసి పేరుకున్నా అంతే. కాంటాక్ట్ క్లీనర్ వాల్వు పిన్నులకు కొద్దిగ పూసి, నాలుగైదు సార్లు దించి తీస్తె సగం గరగరలు అక్కడికే పోతయి.

పవర్ వాల్వు దగ్గర మోసం వేరే తీరుగ ఉంటది. ఈఎల్84 ప్లేటు ఎర్రగ కాలుతున్నదనుకోండి. చూసిన ప్రతి ఒక్కరు వాల్వు పోయింది అంటరు. పాత సెట్లలో నూటికి ఎక్కువ సార్లు తప్పు దాని ముందున్న కప్లింగ్ కండెన్సర్‌ది. ముందు స్టేజి ప్లేటు మీద 150, 200 వోల్టులు ఉంటయి. ఆ డీసీని ఆపి పాటను మాత్రం పంపేది ఈ కండెన్సర్. అది లీకయితె పాజిటివ్ వోల్టేజి గ్రిడ్ మీదికి వస్తది, బయాస్, అంటె కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ నెగెటివ్ వోల్టేజి, చచ్చిపోతది, వాల్వు అడ్డు లేకుంట కరెంటు గుంజుతది.

కనిపెట్టడం ఇట్ల. ఆ ఛానల్‌లో ఈఎల్84 రెండింటినీ తీసేయండి. స్పీకర్ తగిలించే ఉంచండి. మిగిలిన వాల్వులతోని సెట్టు ఆన్ చేసి, సాకెట్ రెండో పిన్ను దగ్గర, అంటె గ్రిడ్ దగ్గర, డీసీ కొలవండి. సున్నా ఉండాలె. పావు వోల్టు, అర వోల్టు అట్ల కనిపిస్తె కండెన్సర్ లీకు. దాన్ని మార్చండి, 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల పాలీప్రొపిలీన్ పెట్టండి, ఇరవై ముప్పై రూపాయల పని. దాన్ని అట్లనే ఉంచి కొత్త వాల్వు పెడితె పది నిమిషాలల్ల అది కూడ ఎర్రబడతది. వాల్వు తీసినంక గ్రిడ్ సున్నా చూపిస్తున్నది, కాని పెట్టినంక మెల్లమెల్లగ పాజిటివ్‌కు పోతున్నదంటె అప్పుడు తప్పు వాల్వుదే, లోపల గ్యాసు చేరింది.

సరే, వాల్వే పోయింది, మార్చాలె. ఇప్పుడు సాకెట్ చదవాలె.

చిన్న వాల్వుల సంగతి ముందు. తొమ్మిది పిన్నుల సాకెట్ చూడగానే అన్నీ ఒక్కటే అనిపిస్తయి. 12ఏఎక్స్7లో హీటర్ రెండు ముక్కలు. నాలుగు, ఐదు పిన్నులు రెండు కొనలు, తొమ్మిది నడుమ. 12.6 వోల్టులు ఇస్తె నాలుగుకూ ఐదుకూ ఇస్తరు, 150 మిల్లీ ఆంపియర్లు గుంజుతది. 6.3 వోల్టులయితె నాలుగునూ ఐదునూ కలిపి ఒక తీగ, తొమ్మిదికి ఇంకో తీగ, అప్పుడు 300 మిల్లీ ఆంపియర్లు. 12ఏటీ7, 12ఏయూ7, 5751 అన్నీ ఇదే పద్ధతి. 5751 మాత్రం 6.3 దగ్గర 350 గుంజుతది. 6డీజే8, అంటె ఈసీసీ88, వేరే జాతి. దానికి హీటర్ నాలుగు, ఐదు పిన్నుల నడుమ 6.3 వోల్టులు, తొమ్మిది లోపలి షీల్డు. దాన్ని 12ఏఎక్స్7 సాకెట్‌లో పెడితె ఏమయితది? సాకెట్‌ను 6.3 పద్ధతిలో కట్టి ఉంటె నాలుగూ ఐదూ ఒక్కటే తీగ కాబట్టి హీటర్ వెలగదు. 12.6 పద్ధతిలో కట్టి ఉంటె రెట్టింపు వోల్టేజి పడి హీటర్ కాలిపోతది. పైగ ఈసీసీ88 ప్లేటు 130 వోల్టుల హద్దుది, ఇక్కడేమో 200 పైన ఉంటది. రష్యా 6ఎన్2పీ కూడ అంతే. గుణం 12ఏఎక్స్7కు దగ్గరగ ఉంటది, చవకగ దొరుకుతది, కాని హీటర్ కట్టుడు వేరే, సాకెట్ తీగలు మార్చకుంట పెట్టొద్దు.

ఇంక 6ఎన్1పీ. దీన్ని 6డీజే8కు బదులు అని అమ్ముతరు. పిన్నులు కలుస్తయి, పాట కూడ వస్తది. కాని 6డీజే8 హీటర్ 365 మిల్లీ ఆంపియర్లు గుంజితె, ఇది 600 గుంజుతది. నాలుగు వాల్వుల ప్రీ-యాంప్లిఫయర్‌లో దాదాపు ఒక ఆంపియర్ అదనపు బరువు. ట్రాన్స్‌ఫార్మర్‌కు అంత సత్తువ లేకుంటె మెల్లగ వేడెక్కి, ఏ ఎండకాలమో లోపలి వార్నిష్ మాడి వాసన వస్తది. వాల్వు మళ్ల దొరుకుతది గాని ఆ సెట్టుకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు, చుట్టించాలె. అందుకే హీటర్ కరెంటు లెక్క ముందు చూడమంటున్న.

పెద్ద వాల్వుల దగ్గర కూడ ఇదే లెక్క. 6ఎల్6జీసీ 0.9 ఆంపియర్, ఈఎల్34 ఒకటిన్నర, కేటీ88 ఒకటి పాయింట్ ఆరు. 6ఎల్6లు నాలుగున్న సెట్టు హీటర్లకు 3.6 ఆంపియర్లు చాలు, ఈఎల్34లు నాలుగు పెడితె ఆరు కావాలె. ఈఎల్34లో ఇంకో చిక్కు ఉన్నది. అది నిజమైన పెంటోడ్, అంటె ఐదు ఎలక్ట్రోడ్‌ల వాల్వు, దాని మూడో గ్రిడ్‌ను, సప్రెసర్‌ను, ఒకటో పిన్నుకు తెచ్చిండ్రు. సాకెట్‌లో ఒకటినీ ఎనిమిదినీ కలిపి ఉండాలె. 6ఎల్6కు ఒకటో పిన్నుతో పని లేదు కాబట్టి దాని కోసం కట్టిన సెట్లలో ఆ తీగ ఉండకపోవచ్చు. ఖాళీ పిన్నే కదా అని దాన్ని వేరే రెసిస్టెన్స్ అతుకు కోసం వాడుకున్న సెట్లు కూడ ఉంటయి. కాబట్టి మూత తీసి ఒకటో పిన్నుకు ఏమున్నదో కంటితోని చూడకుంట ఈఎల్34 దించొద్దు.

రెక్టిఫయర్ వాల్వు, అంటె ఏసీని డీసీ చేసే వాల్వు, ఉన్నవాళ్లకు ఒక్క మాట. జీజెడ్34 తీసి 5యూ4 పెడితె సౌండు మెత్తగయితదని అంటరు, నిజమే, ఎందుకంటె 5యూ4 దగ్గర వోల్టేజి ఎక్కువ పడిపోతది, సెట్టు మొత్తం తక్కువ వోల్టేజి మీద నడుస్తది. కాని జీజెడ్34 హీటర్ 1.9 ఆంపియర్లు, 5యూ4ది 3. దాని తర్వాత ఉన్న మొదటి కండెన్సర్ జీజెడ్34కు 60 మైక్రోఫారడ్ దాక పెట్టొచ్చు, 5యూ4కు 40 దాకనే. ఇంక పెద్ద కండెన్సర్ పెడితె హమ్ము, అంటె కరెంటు గుంయ్‌మనే సౌండు, తగ్గుతదని 220 పెట్టేవాళ్లు ఉన్నరు. ఆన్ చేసిన ప్రతిసారి ఖాళీ కండెన్సర్ ఒక్కసారి కరెంటు గుంజుతది, లోపల నిప్పు లేస్తది, కొత్త రెక్టిఫయర్ కొన్ని వారాలల్ల పోతది. అట్ల పోయినప్పుడు తప్పు రెక్టిఫయర్ కంపెనీది కాదు.

ఇప్పుడు సౌండు దగ్గరికి వద్దాం.

ఒకే కుటుంబంలో వాల్వులు మారిస్తె ముందు మారేది గెయిన్, అంటె సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతదో అది. 12ఏఎక్స్7కు పెంపు గుణకం 100, 5751కు 70, 12ఏటీ7కు 60, 12ఏవై7కు 44 దగ్గర, 12ఏయూ7కు 20 లోపల. వాల్యూం బటన్ తొమ్మిది గంటల దగ్గరికి తేగానే ఇల్లంత మోగుతున్నది, చిన్నగ పెట్టుకోను రావట్లేదు అనేవాళ్లకు 5751 మంచి మార్గం. బయాస్ దగ్గరదగ్గరనే ఉంటది, ఏ రెసిస్టెన్సూ మార్చనక్కర లేదు. కాని అదే చోట 12ఏయూ7 పెడితె సర్క్యూట్‌కు అది సరిపడదు. 12ఏఎక్స్7 ఒక మిల్లీ ఆంపియర్ లోపలనే నడిచే వాల్వు, దాని కోసం ప్లేటుకు 100 కిలో ఓములు, కాథోడ్‌కు ఒకటిన్నర కిలో ఓములు పెడతరు. 12ఏయూ7 ఆ లెక్కల్లో ఎక్కువ కరెంటు గుంజి ప్లేటు వోల్టేజి బాగ పడిపోతది, సిగ్నల్ పెద్దగయితె ఒక పక్క కొసలు తెగిపోతయి.

ఇంకొకటి, దీన్ని చాలమంది పట్టించుకోరు. ఈ బల్ల మీదున్న సెట్టులో స్పీకర్ దగ్గర నుంచి వెనక్కు మొదటి వాల్వు కాథోడ్‌కు ఒక తీగ పోతది. ఇది నెగెటివ్ ఫీడ్‌బ్యాక్, బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కు పంపి తప్పులు తగ్గిస్తది. మొదటి వాల్వు గెయిన్ తగ్గిస్తె ఆ ఫీడ్‌బ్యాక్ కూడ తగ్గుతది. ఫీడ్‌బ్యాక్ తగ్గితె డిస్టార్షన్ పెరుగుతది, స్పీకర్ మీద పట్టు తగ్గి డోలక్ దెబ్బ బుర్రుమంటది. "వాల్వు మార్చినంక సౌండు తియ్యగయింది, వెచ్చగయింది" అనేవాళ్లు కొన్నిసార్లు వింటున్నది ఇదే. అది ఇష్టమైతె తప్పేం లేదు. కాని ఆ తీపి ఆ కంపెనీ గాజులో ఉన్నదనుకొని ఇంకో సెట్టు కోసం అదే వాల్వు కొంటె అక్కడ రాదు.

గ్రామఫోను రికార్డుల ఫోనో స్టేజిలో మాత్రం వేరే రకం వాల్వు జోలికి పోవద్దు. అక్కడ ఆర్ఐఏఏ అనే రికార్డుల ప్రామాణిక లెక్క ప్రకారం బేసును పెంచి ట్రెబుల్‌ను దించుతరు. ఆ లెక్కలో వాల్వు లోపలి రెసిస్టెన్స్ కూడ కలిసి ఉంటది. 12ఏఎక్స్7కు అది 60 కిలో ఓముల పైన, 12ఏటీ7కు చాల తక్కువ. మార్చితె స్వరం వంకరపోతది. ఫోనోలో 12ఏఎక్స్7 తీస్తె 12ఏఎక్స్7 పెట్టండి, అంతే.

మరి ఒకే రకం వాల్వు, వేరే వేరే కంపెనీలు, ఏం తేడా ఉంటది? తేడా ఉంటది. అది ఎక్కువగ రెండు చోట్ల కనబడతది, గోల దగ్గర, మైక్రోఫోనిక్ గుణం దగ్గర. లోపల గ్రిడ్ తీగ వెంట్రుక కంటె సన్నగ ఉంటది. దాన్ని పట్టుకున్న అభ్రకం రేకు వదులయితె గ్రిడ్ వణుకుతది, ఆ వణుకు సిగ్నల్ అయితది. స్పీకర్ గాలి తగిలి ఆ వాల్వు తనంతట తను పాడటం మొదలుపెడతది.

ఇది ఇప్పుడే చూపిస్త. ఇన్‌పుట్‌ను షార్టు ప్లగ్గుతోని మూసేసిన. వాల్యూం పూర్తిగ పెట్టిన. స్పీకర్‌లో వచ్చే సన్నటి సవ్వడి వినండి. ఇది వాల్వు, రెసిస్టెన్స్‌ల గోల. ఇప్పుడు పెన్సిల్, రబ్బరు పక్కతోని ఎడమ వాల్వును మెల్లగ తడుతున్న. టక్, టక్, అంతే, వెంటనే ఆగిపోతున్నది. ఇది మంచిది. కుడి వాల్వు... వినబడ్డదా? ఇంగ్ అని గుడి గంట లెక్క రెండు సెకన్లు మోగింది. ఈ వాల్వు మొదటి స్టేజికి పనికిరాదు. పారెయ్యనక్కర లేదు. సిగ్నల్ అప్పటికే పెద్దగ అయి ఉండే చోట, ఫేజ్ స్ప్లిటర్, అంటె సిగ్నల్‌ను ఎదురెదురు ముక్కలు చేసే స్టేజి, వేరే వాల్వుగ ఉన్న సెట్లలో అక్కడ, ఇది ఏండ్ల తరబడి పని చేస్తది.

అందుకని పైసలు ఎక్కడ పెట్టాలెనో ఈ పెన్సిల్ చెప్తది. నాలుగు చిన్న వాల్వులుంటె అన్నిటికీ ఖరీదైనవి కొనకండి. సిగ్నల్ మొట్టమొదలు చేరే వాల్వుకు, గోల తక్కువ ఉన్నదని పరీక్షించి అమ్మేది ఒక్కటి కొనండి. మిగిలిన వాటికి మామూలువి చాలు. అమ్మేవాణ్ని అడిగేటప్పుడు రెండు మాటలు అడగండి: గోల, మైక్రోఫోనిక్ చూసిండ్రా, రెండు సగాలు సమంగ ఉన్నయా. ఈ సెట్టులో ఒక్క గాజులోనే రెండు పనులు ఉన్నయి. ఒక సగం సిగ్నల్ పెంచుతది, ఇంకో సగం దాన్ని ఎదురెదురు ముక్కలుగ చేసి రెండు ఈఎల్84లకు ఇస్తది. ఆ రెండో సగం కాథోడ్ ఎనభై, వంద వోల్టుల ఎత్తున కూచుంటది, హీటర్ ఏమో ఎర్తు దగ్గర. రెండింటి నడుమ సన్నటి తెల్లటి పూత ఒక్కటే అడ్డు. ఈసీసీ83కు అక్కడ 180 వోల్టులు హద్దు. ఇప్పటి తయారీలో కొన్ని రకాలకు ఆ పూత బలం తక్కువ, ఇట్లాంటి చోట పెడితె కొన్ని నెలలకే హమ్ము మొదలయితది. కొనేటప్పుడు కాథోడ్ ఫాలోయర్‌కు, అంటె కాథోడ్ ఇట్ల ఎత్తున కూచునే చోటుకు, పనికొస్తదా అని అడిగితె, తెలిసిన దుకాణదారు సూటిగ చెప్తడు.

పవర్ వాల్వుల దగ్గర కంపెనీ పేరు కంటె జత ముఖ్యం. పుష్-పుల్‌లో రెండు వాల్వులు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చెరో దిక్కు గుంజుతయి. రెండూ సమంగ గుంజితె ఇనుములో డీసీ కొట్టుకుపోతది, హమ్ము కూడ కొట్టుకుపోతది. ఒకటి 45, ఇంకొకటి 30 మిల్లీ ఆంపియర్లు గుంజితె మిగిలిన 15 ఆ ఇనుమును ఒక దిక్కు అయస్కాంతం చేస్తది. బేసు పల్చబడతది, హమ్ము తేలుతది. "మ్యాచ్డ్ పెయిర్" అని డబ్బా మీద స్టిక్కరు ఉంటె సరిపోదు. ఎన్ని వోల్టుల దగ్గర, ఎన్ని మిల్లీ ఆంపియర్లు అని అంకెలు రాసి ఉండాలె. 250 వోల్టుల దగ్గర 36, 37 అని రాసి ఉంటె అది జత. ఒక్కటి పోతె రెండూ మార్చండి, పాతదాంట్ల బాగున్నదాన్ని పక్కకు పెట్టుకోండి, రేడియోకు పనికొస్తది.

ఈ సెట్టులో కాథోడ్ బయాస్, అంటె కాథోడ్ కింది రెసిస్టెన్సే బయాస్ పుట్టిస్తది. ఒక్కో ఈఎల్84 కాథోడ్‌కు 270 ఓములు. మీటర్ పెడుతున్న, మూడో పిన్ను నుంచి ఎర్తుకు. మొదటిది 10.8 వోల్టులు. 10.8ని 270తోని భాగిస్తె 40 మిల్లీ ఆంపియర్లు. రెండోది 10.2, అంటె 38 దగ్గర. రెండు మిల్లీ ఆంపియర్ల తేడా, మంచి జతే. ఇప్పుడు ప్లేటు. ఏడో పిన్ను నుంచి కాథోడ్‌కు 290 వోల్టులు. నలభైలో నాలుగైదు స్క్రీన్ గ్రిడ్‌కు, అంటె లోపలి రెండో గ్రిడ్‌కు, పోతది, ప్లేటుకు 35 మిగులుతది. 290 ఇంటు 35 అంటె 10 వాట్ల పైన కొద్దిగ. ఈఎల్84 ప్లేటు హద్దు 12 వాట్లు. కాథోడ్ బయాస్‌లో ఇది సరైన చోటు. ఇదే లెక్క 13, 14 వస్తె వాల్వు బ్రాండు మార్చుడు ఆపి, వోల్టేజి ఎందుకు పెరిగిందో చూడండి.

ఫిక్స్డ్ బయాస్, అంటె గ్రిడ్‌కు వేరేగ నెగెటివ్ వోల్టేజి ఇచ్చే సెట్లలో, వాల్వు మార్చిన ప్రతిసారి బయాస్ సరిచెయ్యాల్సిందే. ఈఎల్34 ప్లేటు హద్దు 25 వాట్లు. దాంట్ల 70 శాతం తీసుకోండి, 17.5 వాట్లు. ప్లేటు మీద 420 వోల్టులుంటె 17.5ని 420తోని భాగించండి, 41, 42 మిల్లీ ఆంపియర్లు. ఎనిమిదో పిన్నుకు, ఎర్తుకు నడుమ ఒక ఓము రెసిస్టెన్స్ ఉంటె మీటర్‌లో మిల్లీ వోల్టులే మిల్లీ ఆంపియర్లు. అక్కడ 40 పెట్టుకోండి, స్క్రీన్ కరెంటు కూడ అందులనే ఉంటది కాబట్టి ఇంకా భద్రం. కొత్త వాల్వులు పెట్టే ముందే బయాస్‌ను ఎక్కువ నెగెటివ్ దిక్కు తిప్పి పెట్టండి, తర్వాత మెల్లగ తేండి. అరగంటకు ఒకసారి, పది గంటలు పాడినంక ఇంకోసారి చూడండి, మొదట్లో కొద్దిగ జరుగుతది. గది దీపం ఆర్పి ప్లేట్లు చూడండి. హీటర్ నారింజ వెలుగు సహజం. గాజు లోపలి గోడ మీద నీలం మెరుపు, పాటతోని కదులుతుంటె, అది కూడ సహజమే. ఎలక్ట్రోడ్‌ల నడుమ గులాబీ, ఊదా రంగు పొగ లెక్క నిండితె గ్యాసు చేరింది, వెంటనే తీసేయండి. ప్లేటు బూడిద రంగు రేకు మీద ఎర్రటి మచ్చ కనబడితె ఒక్క క్షణం ఆగకుంట స్విచ్చి ఆపండి.

ఇంక ఎక్కడివి కొనాలె. ఇప్పుడు కొత్తగ తయారయ్యేవి ఎక్కువగ స్లొవేకియాలో జేజే, రష్యాలో సరాతోవ్ ఫ్యాక్టరీ, చైనాలో కొన్ని. మల్లార్డ్, టంగ్-సోల్, జెనలెక్స్ అని డబ్బాల మీద కనిపించే కొత్త వాల్వులు ఆ సరాతోవ్‌లో తయారయినవే. అవి చెడ్డవి కావు, చాల వరకు మంచివి. కాని ఇంగ్లండులో బ్లాక్‌బర్న్‌లో తయారయిన పాత మల్లార్డ్ వేరు, ఇది వేరు, పేరు ఒక్కటే. పాత మల్లార్డ్ ధర పెట్టి కొత్తది కొనొద్దు.

మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. బీఈఎల్ ఈసీసీ83, ఈఎల్84 ఇప్పటికీ పాత రేడియో మెకానిక్‌ల డబ్బాలల్ల, కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అడిగితె బయటపడొచ్చు. విదేశీ పేరు లేదని వాటిని తక్కువ చూడొద్దు. వాడనిది దొరికితె, పరీక్ష నెగ్గితె, నా లెక్కన దాన్ని మొదటి స్టేజిలో పెట్టుకోవడానికి ఏ సందేహం అక్కర లేదు.

పాత సరుకు చూసేటప్పుడు డబ్బాను కాదు, గాజును చూడండి. నెత్తి మీద వెండి అద్దం లెక్క మెరిసేది గెట్టర్, బేరియం పూత. లోపల మిగిలిన గాలిని అది తింటది. అది పాల లెక్క తెల్లగయి ఉంటె గాలి చొరబడింది, ఆ వాల్వు చచ్చింది. అంచుల్లో గోధుమ రంగుగ పల్చబడి ఉంటె చాల గంటలు వాడింది. పిన్నుల మీద సన్నటి నిలువు గీతలుంటె సాకెట్‌లో దించి తీసినది, వాడనిది అనే మాట నమ్మొద్దు. పాత వాల్వుల మీద అక్షరాలు వేలుతోని రుద్దితె చెరిగిపోయేంత మెత్తగ ఉంటయి, కాబట్టి అక్షరాలు మరీ నిగనిగలాడుతుంటె అనుమానించండి, తర్వాత ముద్రించి ఉండొచ్చు. టెలిఫుంకెన్ అని చెప్తె కింద పిన్నుల నడుమ గాజులోనే పోతపోసిన వజ్రం గుర్తు కోసం చూడండి. ఆన్ చేయగానే కొన్ని పాత యూరప్ వాల్వుల హీటర్ కొన ఒక్క క్షణం తళుక్కుమంటది, దానికి భయపడొద్దు, వాటి కట్టుబడే అట్లాంటిది.

కొన్నంక పోల్చి వినే పద్ధతి. చెవి చాల తొందరగ మోసపోతది, ఎందుకంటె కొద్దిగ గట్టిగ వినబడేది ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తది. ఫోనులో 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజి కొలవండి. ఒక వాల్వుతోని ఒక వోల్టు వస్తె, ఇంకో వాల్వు పెట్టినంక వాల్యూం తిప్పి మళ్ల ఒక వోల్టుకే తేండి, ఒక శాతం లోపల. వెయ్యి హెర్ట్జ్ ఎందుకు కాదంటె చవక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తయి. ఆ తర్వాత మీకు బాగ తెలిసిన పాట ఒక్క నిమిషం ముక్క వినండి. వీలైతె ఇంట్ల ఇంకొకరు వాల్వు మార్చాలె, ఏది పెట్టిండ్రో మీకు చెప్పొద్దు. అప్పుడు కూడ తేడా వినబడితె ఆ తేడా నిజం, దానికి పైసలు పెట్టొచ్చు.

చివరగ మన ఊరి కరెంటు. హీటర్ 6.3 వోల్టులకు పది శాతం అటూ ఇటూ తట్టుకుంటది, అంటె 5.7 నుంచి 6.9 దాక. బయటి దేశం నుంచి తెచ్చిన సెట్టు 220 వోల్టులకు చుట్టి ఉంటె, మీ ఇంట్ల రాత్రి పదకొండింటికి 245 వస్తె, హీటర్ మీద ఏడు వోల్టులు పడతది. ఎంత గొప్ప వాల్వయినా ఆయుష్షు తగ్గుతది, ప్లేటు వోల్టేజి కూడ అదే లెక్కన పెరుగుతది. ఊర్లల్ల మోటార్లు నడిచే వేళ 190కి పడిపోతె కాథోడ్ చల్లబడి సౌండు నలిగినట్టుంటది. ముందు వారం రోజులు వేర్వేరు వేళల్ల కొలిచి రాసుకోండి. ఎప్పుడూ ఎక్కువే ఉంటె 12 వోల్టులు, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చాలు, దాని సెకండరీని మెయిన్స్‌కు వరుసగ ఎదురు దిక్కులో కలిపితె 245 కాస్త 232 అయితది. కలిపినంక ముందు మీటర్ పెట్టండి, 257 చూపిస్తె దిక్కు తప్పింది, సెకండరీ రెండు తీగలను తారుమారు చెయ్యండి. ఫ్యూజుతోని, మూసిన ఇనుప డబ్బాలో, పని తెలిసినోళ్లతోనే చేయించండి. కింద మీద పడుతుంటె సర్వో స్టెబిలైజర్ మేలు. రిలే స్టెబిలైజర్ టక్కుమన్నప్పుడల్ల పాటలో కూడ టక్కుమంటది.

మే నెలల గది 42 దాటుతది. సెట్టు పైన కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంచండి, అల్మారీల పెట్టొద్దు. పత్తి సీజన్‌లో మార్కెట్ దగ్గరి ఇండ్లల్ల సన్నటి నూగు ప్రతి సందుల చేరుతది. నెలకోసారి చల్లగ ఉన్నప్పుడు మెత్తటి బ్రష్షుతోని సాకెట్ల చుట్టూ దులపండి.

ప్రశ్నలు అడగండి. ఆ... వెనక నుంచి పెద్దయన అడుగుతున్నరు, ఎన్ని గంటలకు మార్చాలె అని. పవర్ వాల్వులు మామూలుగ రెండు నుంచి ఐదు వేల గంటలు. రోజుకు రెండు గంటలు వింటె తక్కువల తక్కువ రెండున్నరేండ్లు నడుస్తయి. చిన్నవి దానికి రెండింతలు. బాబాయ్, గంటలు లెక్కపెట్టే బదులు కాథోడ్ వోల్టేజి ఆరు నెలలకోసారి రాసి పెట్టుకోండి. కొత్తలో 10.8 ఉన్నది 9కి దిగితె అప్పుడు కొత్త జత చూడండి.

ఇంకో చెల్లె అడుగుతున్నది, పాత రేడియోలో వాల్వు బిగుసుకుపోయింది, ఎట్ల తియ్యాలె అని. అమ్మా, గుండ్రంగ తిప్పొద్దు, తొమ్మిది పిన్నుల వాల్వుకు పిన్నులు నేరుగ గాజులోనే ఉంటయి, తిప్పితె పిన్ను మొదట్ల గాజు పగులుతది. సెట్టు పూర్తిగ చల్లబడనియ్యండి. సాకెట్ సందులో కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. నూలు బట్టతోని గాజు కింది భాగం పట్టుకొని, నెత్తి మీది మొన పట్టుకోకుంట, సన్నగ నాలుగు దిక్కులకు కదిలిస్తూ నిలువుగ పైకి తియ్యండి. బయటికి వచ్చినంక పిన్నులు వంగి ఉంటె ముక్కు పట్టకారతోని ఒక్కొక్కటి నిలువు చేసి, అప్పుడు మళ్ల దించండి.